మాటల సంతకు వచ్చిన బేరము

ఒక వ్యాపారి మరియొక వ్యాపారి సంస్థను కొనుట లోకములో క్రొత్త విషయము కాదు. నూలు మిల్లును కొనువాడు మొదట కదుళ్ళను లెక్కించును. గోదాములోని సరకును చూచును. అప్పుల పద్దులను తిరుగవేయును. ఆ పిదపనే ధర చెప్పును. ధాన్యపు మర యైనను, చక్కెర ఫ్యాక్టరీ యైనను బేరము సాగు తీరు ఇదియే. కంటికి కనబడు ఆస్తియు, చిట్టాలో కనబడు లాభమును కలిసి వెలను నిర్ణయించును.

2014 ఫిబ్రవరి 19వ తేదీన అమెరికాలో ప్రకటింపబడిన ఒక బేరము ఈ లెక్కకు లొంగలేదు. కొన్నది ఫేస్‌బుక్ సంస్థ, అమ్ముడైనది వాట్సాప్. చెప్పిన ధర 1,900 కోట్ల డాలర్లు. నాటి మారకపు రేటున అది మన రూపాయలలో ఒక లక్షా పదునెనిమిది వేల కోట్లకు దగ్గరగా ఉండెను. ఇంత వెల పలికిన సంస్థలో పని చేయువారు 55 మంది మాత్రమే. దానికి ఫ్యాక్టరీలు లేవు, గోదాములు లేవు. అంతకు ముందటి సంవత్సరమైన 2013లో దాని రాబడి సుమారు ఒక కోటి రెండు లక్షల డాలర్లు. లాభము లేకపోగా, ఆ సంవత్సరపు లెక్కలలో 13 కోట్ల డాలర్లకు పైగా నష్టము తేలినది. రాబడికి పదునెనిమిది వందల రెట్లకు మించిన వెల ఇచ్చి కొన్నవారు అమాయకులా? కారు. అట్లయిన వారు కొన్నదేమి? ఎందులకు కొనిరి? అమ్మినవారికి ధర ముట్టినది. కాని ఆ బేరములో అసలు సరకుగా నిలిచిన మనకు దక్కినదేమి? ఈ ప్రశ్నలనే ఇచ్చట విచారింతము.

మొదట అమ్మినవారి సంగతి. వాట్సాప్‌ను 2009లో జాన్ కూమ్, బ్రయన్ ఆక్టన్ అను ఇరువురు స్థాపించిరి. ఇరువురును పూర్వము యాహూ సంస్థలో ఇంజనీర్లు. కూమ్ ఉక్రెయిన్‌లో పుట్టి, పదునారేండ్ల ప్రాయమున తల్లితో అమెరికా చేరి, ప్రభుత్వ సహాయముపై బ్రతికిన బీద కుటుంబమువాడు. ఆక్టన్ 2009లో ఫేస్‌బుక్‌లోనే ఉద్యోగమునకు యత్నించి, లేదనిపించుకొన్నవాడు. వారి పరికరము మిక్కిలి సాదాది. సెల్‌ఫోనులోని నంబర్ల పట్టికనే ఆధారముగా చేసికొని, ఒకరి మాటను మరియొకరికి ఇంటర్నెట్టు మీదుగా చేరవేయుటయే దాని పని. ప్రకటనలను చూపబోమని 2012లో వారు బాహాటముగా ప్రకటించిరి. మొదటి సంవత్సరము ఉచితము. ఆపైన ఏడాదికి ఒక డాలరు చందా. ఇంతటి సులువైన ఏర్పాటు గనుకనే అది కార్చిచ్చువలె వ్యాపించినది. బేరము కుదిరిన నాటికి నెలకొక్క సారియైనను దానిని వాడువారు 45 కోట్ల మంది. దినమునకు పది లక్షల మంది క్రొత్తవారు చేరుచుండిరి.

ఇక కొన్నదేమి అనుదానికి వత్తము. దీనిని గ్రహించుటకు మన పల్లెల సంత చక్కని ఉపమానము. సంత జరుగు మైదానమునకు విడిగా వెల ఎంత? వారములో ఆరు దినములు అది పశువులు మేయు బీడు. ఏడవ దినమున చుట్టుప్రక్కల ఇరువది గ్రామముల జనము అచ్చట చేరుటచే దానికి విలువ కలుగుచున్నది. కొనువారు వత్తురని అమ్మువారు వత్తురు. అమ్మువారు వత్తురని కొనువారు వత్తురు. ఎవరైన ఒక ధనికుడు ప్రక్కనే మరియొక మైదానమును చదును చేయించి, చెట్ల నీడయు, త్రాగునీరును ఏర్పరచి రమ్మని పిలిచినను, అచ్చట జనము లేదు గనుక జనము పోదు. సంతకు ప్రాణము నేల కాదు, కలిసికొను అలవాటు.

టెలిఫోనుకును ఇదే న్యాయము. ఒక్కనికి మాత్రమే టెలిఫోను ఉన్నచో అది బల్లమీది బొమ్మ. ఇద్దరికి ఉన్నచో వారి నడుమ దారి ఒకటి ఏర్పడును. పదిమందికి ఉన్నచో దారులు 45. నూరు మందికి ఉన్నచో 4,950. మనుష్యులు పది రెట్లు పెరుగగా, వారి నడుమ దారులు నూరు రెట్లకు మించి పెరిగినవి. దీనికి ఆర్థిక శాస్త్రజ్ఞులు నెట్‌వర్కు ప్రభావమని పేరు పెట్టిరి. చేరినవారు పెరిగినకొలది చేరవలసిన అవసరమును పెరుగును, విడిచిపోవుట కష్టతరమగును. వాట్సాప్ ధరను 45 కోట్ల మందికి పంచినచో తలకు 42 డాలర్ల చొప్పున వచ్చినది. కొన్నవారు కొన్నది యంత్రమును కాదు. ఈ కోట్ల మంది యొక్క కలిసికొను అలవాటును కొనిరి.

మహాసంస్థలకు డబ్బు కొదువ లేదు, ఇంజనీర్లు కొదువ లేదు. తామే అట్టి పరికరమును నిర్మించుకొనరాదా యని సందేహము కలుగును. నిర్మించుకొనిరి కూడ, కాని జనమును నిర్మించుకొనలేకపోయిరి. గూగుల్ వంటి సంస్థయే 2011లో గూగుల్ ప్లస్ అను సామాజిక మాధ్యమమును ఆర్భాటముగా ప్రారంభించి, సాధారణ ప్రజలకు ఉద్దేశించిన ఆ సేవను 2019లో మూసివేసినది. ధనముతో మైదానము ఏర్పడును గాని సంత ఏర్పడదు. కావున ఎచ్చటనైన సంత తనంతట తాను కూడుచున్నదని తెలిసిన వెంటనే పెద్ద వర్తకులు సంచులతో పరుగెత్తుదురు.

ఈ పరుగునకు ఇరువది ఏండ్ల చరిత్ర కలదు. 2005లో న్యూస్ కార్పొరేషన్ మైస్పేస్ అను మాధ్యమము గల సంస్థను 58 కోట్ల డాలర్లకు కొన్నది. 2006లో గూగుల్, ఏడాదిన్నర వయస్సు గల యూట్యూబ్‌ను 165 కోట్ల డాలర్ల విలువ గల తన వాటాలను ఇచ్చి కొన్నది. అదే సంవత్సరమున యాహూ సంస్థ 100 కోట్ల డాలర్లకు ఫేస్‌బుక్‌నే కొన జూడగా, మార్కు జుకర్‌బర్గ్ నిరాకరించెను. నాడు బేరమునకు లొంగని ఆ పిన్న సంస్థయే ఆరేండ్లకు తానే కొనుగోలుదారు అయినది. 2012 ఏప్రిల్‌లో 13 మంది ఉద్యోగులు, సుమారు మూడు కోట్ల మంది వాడుకరులు కలిగి, రాబడి ఏమియు లేని ఇన్‌స్టాగ్రామ్‌కు 100 కోట్ల డాలర్ల ధర కట్టినది.

కొనుగోలుదారుల ఆసక్తిలో ఆశ ఎంత కలదో భయమును అంత కలదు. ఆశ సంగతి స్పష్టమే. ఈ సంస్థల రాబడిలో అత్యధిక భాగము ప్రకటనల వలన వచ్చునది. ఎవరి కన్నులు ఎచ్చట ఎంతసేపు నిలుచునో, ఎవరు ఎవరితో సంబంధము కలిగియుందురో తెలిసినకొలది ప్రకటనకు విలువ హెచ్చును. భయము మాత్రము తెరచాటుది. జుకర్‌బర్గ్ 2008లో తన సంస్థలోని వారికి వ్రాసిన ఒక లేఖలో, పోటీ పడుటకంటె కొనివేయుటయే మేలను భావమును వ్యక్తము చేసినట్లు తరువాత అమెరికా ప్రభుత్వము కోర్టులో చూపినది. 2013లో ఫేస్‌బుక్ ఓనావో అను ఇస్రాయేలు సంస్థను కొన్నది. ఫోనుకు రక్షణ కల్పించు సాధనమని చెప్పి జనము చేత పెట్టించుకొన్న ఓనావో, ఏ ఫోనులో ఏ పరికరము ఎంత వాడబడుచున్నదో కూడ లెక్క తీయుచుండెను. వాట్సాప్ ఎంత వేగముగా పెరుగుచున్నదో ఆ లెక్కలవలన ఫేస్‌బుక్‌కు తెలియుచుండెనని 2018లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ప్రచురించిన పత్రములు తెలుపుచున్నవి. మొక్కై వంగనిది మానై వంగునా యని మన సామెత. వర్తకుడును అట్లే తలచెను: మానై తనకు నీడ పట్టక మునుపే మొక్కను తన పెరటిలో నాటుకొనవలెను.

అన్ని కొనుగోళ్ళును ఫలించినవనుకొనరాదు. మైస్పేస్‌ను 2011లో సుమారు మూడున్నర కోట్ల డాలర్లకు అమ్ముకొనవలసి వచ్చినది. యాహూ 2013లో 110 కోట్ల డాలర్లకు కొన్న టంబ్లర్ ఆరేండ్ల తరువాత అందులో నూరవ వంతు కూడ పలుకలేదు. జనము లేచిపోయిన సంత మరల బీడే. ఈ విషయము ముఖ్యమైనది. విలువ యంతయు జనములోనే ఉన్నదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. ఐనను బేరము కుదురునపుడు ఆ జనమును అడిగినవారు లేరు.

అడుగకపోయినను మాట మాత్రము ఇచ్చిరి. వాట్సాప్ స్వతంత్రముగానే నడచునని, ప్రకటనలు రావని, వాడుకరుల గోప్యతకు భంగము కలుగదని 2014లో స్థాపకులు ప్రకటించిరి. ఆ వాగ్దానములకు కట్టుబడి యుండవలెనని అదే సంవత్సరము ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అధికారి ఇరు సంస్థలకును లేఖ వ్రాసెను. రెండు సంస్థల ఖాతాలను యాంత్రికముగా, నమ్మదగిన రీతిని జతపరచుట తమకు సాధ్యము కాదని ఐరోపా కమిషన్ ఎదుట ఫేస్‌బుక్ చెప్పుకొన్నది. ఆ మాటలు విని కమిషన్ 2014 అక్టోబరులో అనుమతించినది.

రెండేండ్లు గడచినవి. 2016 ఆగస్టులో వాట్సాప్ తన నియమములను మార్చి, వాడుకరుల ఫోను నంబర్లు మున్నగు వివరములను ఫేస్‌బుక్‌తో పంచుకొందునని తెలిపినది. సాధ్యము కాదన్న జతపరచుట 2014లోనే సాధ్యమనియు, ఆ సంగతి సంస్థలోని ఉద్యోగులకు తెలిసియుండెననియు ఐరోపా కమిషన్ తేల్చి, 2017 మే నెలలో 11 కోట్ల యూరోల జరిమానా విధించినది. అనుమతిని మాత్రము రద్దు చేయలేదు. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిదప బోడి మల్లయ్య యను సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము దొరకదు. 2017లో ఆక్టన్, 2018లో కూమ్ సంస్థను వీడిరి. ఆక్టన్ 2018లో ఐదు కోట్ల డాలర్లు ఇచ్చి, లాభాపేక్ష లేని సిగ్నల్ ఫౌండేషన్ స్థాపనలో పాల్గొనెను. ప్రకటనలు చూపబోమన్న నాటి మాటయు నిలువలేదు. వాట్సాప్‌లోని ఒక భాగమున ప్రకటనలు వచ్చునని 2025 జూన్‌లో ప్రకటింపబడినది.

న్యాయముగా చెప్పవలెనన్నచో నాణెమునకు రెండవ ప్రక్కయు కలదు. పెద్ద సంస్థ అండ వలన వాట్సాప్ కోట్ల మంది బరువును మోయగలిగినది. 2016 జనవరిలో ఏడాది చందా తొలగినది. అదే సంవత్సరము ఏప్రిల్ నుండి, పంపినవారును అందుకొన్నవారును తప్ప నడుమ సంస్థ కూడ చదువలేని రీతిగా సందేశములన్నియు రహస్య లిపిలో పోవుచున్నవి. ఇది చిన్న మేలు కాదు. అయితే ఉత్తరము లోపలి మాట భద్రమైనను, ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎన్ని వ్రాసిరో కవరు మీదనే తెలియును. వర్తకునకు పెక్కు పనులకు ఆ కవరే చాలును.

ఇట్టి బేరములను చట్టములు ముందే పరీక్షింపలేదా? పరీక్షించినవి, కాని వాని తక్కెడ పాతది. ఒక కొనుగోలును ప్రభుత్వము విచారింపవలెనా, వలదా యను నిర్ణయము పెక్కు దేశములలో ఆ సంస్థల ఆస్తిని, అమ్మకముల రాబడిని బట్టి యుండెను. నూలు మిల్లుకు ఆ తక్కెడ సరిపోవును. రాబడి లేని సంతను అది తూచలేదు. వాట్సాప్ కొనుగోలు సయితము అమ్మకముల లెక్కలో ఐరోపా కమిషన్ హద్దునకు చాలక, వేరొక మార్గమున దాని ఎదుటికి రావలసి వచ్చినది. ఈ లోపమును గుర్తించి, చెల్లించిన ధరనే కొలతగా గ్రహించు నిబంధనను 2017లో జర్మనీ, ఆస్ట్రియా దేశములు చేర్చుకొన్నవి. మన దేశమునను పోటీ చట్టమును 2023లో సవరించిరి. 2024 సెప్టెంబరు 10 నుండి బేరము విలువ 2,000 కోట్ల రూపాయలకు మించి, కొనబడు సంస్థకు భారతదేశములో చెప్పుకోదగిన కార్యకలాపములు ఉన్నచో, ఆస్తి ఎంత స్వల్పమైనను కాంపిటీషన్ కమిషన్‌కు ముందుగా తెలుపవలెను.

ఆలస్యమైన పిదప విచారణ ఎంత కష్టమో అమెరికా అనుభవము చెప్పుచున్నది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల కొనుగోళ్ళు పోటీని అణచుటకే జరిగినవని 2020 డిసెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసినది. 2021లో ఫేస్‌బుక్ సంస్థ తన పేరును మెటాగా మార్చుకొన్నది. దావా విచారణకు వచ్చుసరికి 2025 ఏప్రిల్ అయినది. అదే ఏడాది నవంబరులో న్యాయమూర్తి బోస్‌బర్గ్ మెటాకు అనుకూలముగా తీర్పు చెప్పెను. టిక్‌టాక్, యూట్యూబ్‌లు గట్టి పోటీదారులుగా నిలిచి యుండగా నేడు మెటాకు ఏకచ్ఛత్రాధిపత్యము కలదని నిరూపణ కాలేదనుట ఆ తీర్పు సారము. కొనుగోలు జరిగి పదేండ్లు దాటిన పిదప, అది జరుగనిచో లోకమెట్లుండెడిదో నిరూపించుట ఎవరి తరము?

ఈ వ్యవహారమంతయు సముద్రముల కావలిదని మనము ఊరకుండరాదు. వాట్సాప్ వాడుకరులు ఎక్కువగా నున్న దేశము మనదే. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము చెప్పిన లెక్క ప్రకారము వారు 53 కోట్ల మంది. బిడ్డ అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న తెలుగు తల్లికి మనుమని బొమ్మ దాని మీదనే చేరుచున్నది. వీధి చివరి కిరాణా కొట్టునకు సరకుల పట్టిక దాని మీదనే పోవుచున్నది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన మిత్ర’ యను పేర 161 ప్రభుత్వ సేవలను వాట్సాప్ ద్వారా అందించుట ప్రారంభించినది. ధ్రువపత్రము కొరకు కచేరీల చుట్టు తిరిగినవారికి ఇది గొప్ప సౌకర్యము. కాని ప్రజల రేవునకు పోవు దారి ఒక ప్రైవేటు వ్యక్తి తోట గుండా పోవునపుడు, ఆ తోట నియమములు ఎవరు, ఎప్పుడు మార్చుదురో గమనించుచుండుట ఊరివారి ధర్మము.

2021 జనవరిలో ఆ నియమములు మారినవి. క్రొత్త షరతులకు ఒప్పుకొనవలెను, లేదా సేవను వదలుకొనవలెనని వాడుకరులకు సూచన వచ్చినది. లోకమంతట కలవరము పుట్టి, అనేకులు సిగ్నల్, టెలిగ్రామ్‌ల వైపు మరలిరి. గడువు ఫిబ్రవరి నుండి మే నెలకు వాయిదా పడినది. మన కాంపిటీషన్ కమిషన్ విచారించి, 2024 నవంబరులో మెటాకు 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా విధించి, ప్రకటనల నిమిత్తము వివరములు పంచుకొనుటను ఐదేండ్లు నిషేధించినది. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపి, ఆ నిషేధమును కొట్టివేసినది.

నాడు సిగ్నల్‌కు మరలినవారిలో పెక్కుమంది వాట్సాప్‌ను మాత్రము విడువలేకపోయిరి. కారణము మనకు తెలిసినదే. బడి తల్లిదండ్రుల బృందము అచ్చటనే ఉన్నది, ఉద్యోగపు బృందము అచ్చటనే, బంధువులందరు అచ్చటనే. ఒక్కడు సంత మారినంత మాత్రమున సంత మారదు. చిక్కు ఇందున్నది గనుక చికిత్సయు ఇందే వెదకవలెను. 2011 జనవరి నుండి మన దేశమంతట, సెల్‌ఫోను నంబరు మారకుండగనే కంపెనీని మార్చుకొను హక్కు వాడుకరులకు లభించినది. ఒక కంపెనీ ఫోను నుండి మరియొక కంపెనీ ఫోనునకు మాటాడుట మనకు సహజముగా తోచుచున్నది. కాని వాట్సాప్ నుండి సిగ్నల్‌కు ఒక్క మాట పోదు. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ విపణుల చట్టము ఇట్టి గోడలో తలుపు పెట్టింప జూచుచున్నది. చిన్న సంస్థలు కోరినచో వారి వాడుకరులతో సందేశములు ఇచ్చిపుచ్చుకొను మార్గమును పెద్ద సంస్థ కల్పింపవలెనని శాసించుచున్నది. రహస్య లిపి చెడకుండ దీనిని సాధించుట ఇంజనీర్లకు సులభము కాదు. ఐనను మార్గము సరియైనది. ఒక సంత నుండి మరియొక సంతకు బాట ఉన్నచో, మైదానమును ఎవరు కొన్నను జనము వాని చేత చిక్కదు; వాడును జనమును మన్నించి మెలగును.

ఇక ముందును క్రొత్త మాధ్యమములు పుట్టుచుండును, మహాసంస్థలు వానిని కొనుచుండును. కొనుట నేరము కాదు. అమ్ముట దోషము కాదు. కాని బేరము వార్త విన్నపుడు ధరను చూచి ఆశ్చర్యపడి ఊరకుండక, మూడు విషయములను అడుగుట నేర్చుకొందము. ఇచ్చిన మాటకు చట్టపు కట్టు ఉన్నదా? మన వివరములు ఎవరి చిట్టాకు చేరును? వెడలిపోదలచినచో మన వారితో కూడ వెడలుటకు బాట ఉన్నదా? అంత పెద్ద వెల పలికినది మన మాటలకును, మన చుట్టరికములకును, మన అలవాట్లకును. సరకు మనది గనుక ఆ ప్రశ్నలు వేయు అధికారమును మనదే.